ఏసీ నుంచి డీసీకి: సూరత్ మారిన తీరు

1994 సెప్టెంబరులో సూరత్ పేరు వింటేనే దేశం ఉలిక్కిపడింది. వానలకు, వరదకు వీధుల్లో బురద, చెత్త, పశువుల కళేబరాలు పేరుకున్నాయి. అంతలో ప్లేగు వార్త పాకింది. కొద్ది రోజుల్లోనే లక్షలాది మంది దొరికిన రైలు, బస్సు పట్టుకుని ఊరు విడిచారు. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లి అక్కడ స్థిరపడిన మన నేత కుటుంబాలకూ అవి భయంతో గడిచిన రోజులే.

ఎనిమిది నెలల తర్వాత, 1995 మేలో, ఎస్.ఆర్. రావు నగరపాలక సంస్థ కమిషనరుగా వచ్చారు. చట్టం పాతదే, సిబ్బందీ పాతవారే. అయినా 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా గుర్తించింది. ప్లేగు భయమే సిబ్బందిని మార్చిందనుకుందామంటే, ఆయన వచ్చేనాటికే ఆ భయం పుట్టి ఎనిమిది నెలలైంది. మారింది పని చేయించే పద్ధతి.

ఏ సంస్థలోనైనా మార్పు అనగానే ఉద్యోగికి మూడు అనుమానాలు వస్తాయి. మొదటిది, ఇది నాలుగు రోజుల ముచ్చటేనా అని. దీనికి రావు గారి జవాబు 'ఏసీ నుంచి డీసీకి' అన్న మాట. ఏసీ అంటే చల్లని గది, డీసీ అంటే డైలీ చోర్స్, అంటే రోజువారీ పనులు. అధికారులు రోజూ పొద్దున్నే వీధుల్లోకి వెళ్లాలి. తర్వాత అందరూ కూర్చుని, కళ్లారా చూసిన సమస్యల గురించి అప్పటికప్పుడే నిర్ణయం తీసుకోవాలి. కమిషనరు తానూ వీధిలోనే కనబడేవారు.

రెండోది, నిర్ణయం తీసుకుంటే రేపు నా మెడకు చుట్టుకుంటుందా అని. ఆయన నగరాన్ని ఆరు జోన్లు చేసి, ఒక్కో జోన్ అధికారికి తన అధికారాలను అప్పగించారు. ప్రతి ఫైలూ పెద్దాఫీసుకు మోసుకెళ్లే పని తప్పింది.

మూడోది, ఈ కట్టుబాట్లు చిన్నవాళ్లకేనా అని. అక్రమ కట్టడాల కూల్చివేతలో పలుకుబడి ఉన్నవారిని కూడా వదల్లేదు. శుభ్రత పాటించని హోటళ్లకు జరిమానాలు పడ్డాయి. అది చూశాక, వీధిలో నిబంధన అమలు చేయడానికి కిందిస్థాయి ఉద్యోగికి ధైర్యం వచ్చింది.

ఆయన మెత్తని మనిషేమీ కాదు. కఠినంగానే పని చేయించారు. కానీ ఇతరులకు చెప్పింది తానూ చేశారు, బాధ్యతతో పాటు అధికారాన్నీ ఇచ్చారు. కఠినత్వాన్ని సిబ్బంది సహించింది అందుకే.

అసలు పరీక్ష 1997లో ఆయన బదిలీ అయ్యాక మొదలైంది. ఒక్క మనిషి మీదే ఆధారపడిన మార్పు ఆ మనిషితోనే పోతుంది. సూరత్‌లో అలా జరగలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఆ నగరం ఇందోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి ఆయన వెళ్లిపోయి పాతికేళ్లు దాటింది.

మన పూర్వ విద్యార్థుల్లో ఎందరో ఇప్పుడు బడుల్లో, బ్యాంకుల్లో, కార్యాలయాల్లో పదిమంది చేత పని చేయించే స్థానాల్లో ఉన్నారు. కొత్త పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు సిబ్బంది సహకరించడం లేదని విసుక్కునే ముందు, వారి మూడు అనుమానాలకూ మనం జవాబు ఇచ్చామా అని చూసుకోవడం మంచిది.