సెలవుల్లో చేరిన విద్యార్థి

ఉంగరం ఖరీదు 40 రూపాయలు. అమ్మితే చేతికొచ్చింది 8 రూపాయలు. బేరమాడేంత వయసూ లేదు, ఆగేంత తీరికా లేదు. ఇచ్చినంత పుచ్చుకుని ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరం బయల్దేరాడు. అక్కడ రాజావారు పెట్టించిన సంగీత కళాశాల ఉంది. ఎలాగైనా అందులో చేరాలి.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టాడు. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయిస్తూ భజనలు చేసేవారు, కొడుకును భుజానికెత్తుకుని తీసుకెళ్లేవారు. తరంగాలకు ఆ పసివాడు చిందులేస్తుంటే చూసినవాళ్లు 'బాల భరతుడు' అని ముచ్చటపడ్డారు. పదకొండో ఏట తండ్రి పోయారు. కొడుకు సంగీతం నేర్చి గొప్ప విద్వాంసుడు కావాలన్నదే ఆయన చివరి కోరిక. ఇంటి బరువు మేనమామ మీద పడింది.

ఆ తర్వాతెప్పుడో పక్క ఊళ్లో కచేరీ జరిగింది. కుర్రవాడు విద్వాంసులతో పోటీకి దిగాడు, ఓడిపోయాడు. జనం నవ్వారు.

ఆ నవ్వు ఎందుకొచ్చిందో పాట నేర్చినవాళ్లకు తెలుసు. విన్నది విన్నట్టు దింపగల గొంతు అతనిది. కానీ ఆ పలికిందేమిటి, ఏ స్వరం మీద నిలిచావు, తాళం ఎక్కడ ఎత్తుకున్నావు అని నిలదీస్తే భజన గోష్ఠిలో పెరిగిన పిల్లవాడు ఏం చెబుతాడు? సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, ఆపైన వర్ణం. వరసలూ అలంకారాలూ మొదటి కాలంలో నిలకడగా, రెండో కాలంలో దానికి రెట్టింపు వేగంతో, మూడో కాలంలో ఆ వేగానికీ రెట్టింపుగా పాడాలి. చేత్తో వేసే తాళం వేగం మాత్రం మారకూడదు. ఎంత తియ్యటి గొంతున్నా ఈ మెట్లు ఎక్కాల్సిందే.

నేర్చుకోవడానికి విద్వాంసుల ఇళ్లలో పనికి కుదిరాడు. బట్టలుతికాడు, ఇంటి చాకిరీ చేశాడు. రెండేళ్లు గడిచిపోయాయి. వీటిని తపస్సు అని పొగిడేవారున్నారు. నాకు అలా అనబుద్ధి కాదు. గొంతు విచ్చుకునే వయసులో రెండేళ్లంటే సామాన్యం కాదు, అవి పోయాయి, తిరిగి రాలేదు. పాట ఉన్న ఇంట్లో ఉన్నంత మాత్రాన పాట రాదని, ఎదురుగా కూచోబెట్టుకుని తప్పు దిద్దే గురువు కావాలని మాత్రం అతనికి బోధపడి ఉంటుంది. లేకపోతే ఒంటిమీదున్న ఒక్క బంగారం ముక్కనూ అమ్ముకుని, గోదావరి దాటి, ముక్కూమొహం తెలియని ఊరికి ఎందుకు వెళ్తాడు?

తీరా వెళ్తే కళాశాలకు వేసవి సెలవులు.

ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామినాయుడు గారిని కలుసుకున్నాడు. ఆయనా ఒకప్పుడు ఇలా వచ్చినవారే. 1919లో కళాశాల పెట్టిన కొత్తల్లో విద్యార్థిగా చేరదామని వచ్చారు. ఆయన వాయులీనం విన్నాక విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగానే తీసుకున్నారు. సెలవుల్లో వచ్చిన కుర్రవాణ్ణి నాయుడుగారు వెళ్లగొట్టలేదు, కళాశాల ఆవరణలోనే తలదాచుకోనిచ్చారు. తిండికి ఊళ్లో రోజుకో ఇంట వారాలు కుదుర్చుకున్నాడు. అంతలో తోటి కుర్రాళ్లు చేసిన తప్పు ఇతని మెడకు చుట్టుకుంది. ఆవరణలోంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. సంగతి తెలిసి వారాలిచ్చే ఇళ్లూ తలుపులు మూశాయి. ఇక మిగిలింది ఎరుకమ్మ గుడి అరుగు.

పట్రాయని సీతారామశాస్త్రి గారి పరిచయం ఆ రోజుల్లోదే. సాలూరు చినగురువుగారని ఆయనకు పేరు. కళాశాలలో గాత్రం చెప్పేవారు. ఇంట్లో ఒక్కపూట అదనంగా మనిషికి పెట్టే స్తోమత లేదు. విద్యకు మాత్రం పైసా అడగలేదు. పాఠం చెబుతాను, అన్నం నువ్వే చూసుకో అన్నట్టుగా సాగింది ఆ ఒప్పందం. మధుకరం ఎత్తడం అలా మొదలైంది.

భుజాన జోలె. ఒక్కో గుమ్మం ముందూ కాసేపు నిలబడటం. ఒక ఇంట పప్పన్నం, ఇంకో ఇంట పులుసన్నం, మరోచోట వట్టి మెతుకులు, అన్నీ ఒకే గుడ్డలో పడి కలిసిపోతాయి. పొద్దున తెచ్చింది రెండు పూటలకూ సరిపెట్టుకోవాలి. సగం తిని మిగతాది మూటగట్టి పెట్టేవాడు. రాత్రి విప్పేసరికి అన్నం నిండా చీమలు. వేసవి ఉక్కకు అన్నం మెత్తబడి గుడ్డకు అంటుకుపోతే వాటిని దులపడమూ కుదరదు. గిన్నె కొనడానికి డబ్బుల్లేవు. మేనమామకు ఉత్తరం రాశాడు. ఆయన పంపిన డబ్బుతో మూతున్న డబ్బా ఒకటి కొన్నాడు. ఆ ఉత్తరంలో ఏం రాశాడోనని నేను చాలాసార్లు ఆలోచించాను. చదువు మానేసి వచ్చేస్తానని అతను రాయలేదు. వచ్చెయ్యమని మేనమామా రాయలేదు. ఆయన డబ్బు పంపారు.

చేరకముందే కడుపు కట్టుకుని ఒక గురువు ఎదుట స్వరం దిద్దుకున్నాడు. సెలవులయ్యాక కళాశాలలో అడుగుపెట్టినవాడు, పక్క ఊరి కచేరీలో నవ్వులపాలైన పిల్లవాడు కాదు. నాలుగేళ్ల చదువును శాస్త్రిగారి శిక్షణలో రెండేళ్లకే ముగించాడు. విద్వాంసుల ఇళ్ల పెరళ్లలో పోయిన రెండేళ్లకూ ఇలా మిగిలిన రెండేళ్లు సరిగ్గా సరిపోయాయి. నాకు అది లెక్క తేలినట్టే ఉంటుంది.

తర్వాతి కథ ఆంధ్రదేశమంతా విన్నదే. మద్రాసులో ఘంటసాల సినిమా పాటలకు సహాయకుడిగా, కచేరీల్లో హార్మోనియం మీద పక్కనే కూర్చున్న మనిషి పట్రాయని సంగీతరావు. విజయనగరంలో పైసా అడగని ఆ శాస్త్రిగారి కొడుకు.