జెఫర్సన్ వంశము - క్రోమోజోము సాక్ష్యము

1802వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, అమెరికాలోని రిచ్‌మండ్ నగరపు పత్రిక యొకటి దేశాధ్యక్షునిపై ఒక ఆరోపణ ప్రకటించెను. అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన యింటి బానిస స్త్రీ యైన సాలీ హెమింగ్స్ వలన సంతానము పొందెనని దాని సారాంశము. వ్రాసినవాడు జేమ్స్ కాలెండర్. ఒకప్పుడు జెఫర్సన్ పక్షముననే కలము పట్టి, కోరిన యుద్యోగము దక్కక యెదురు తిరిగినవాడు. అట్టివాని మాటకు విలువ యేమని పెక్కుమంది త్రోసిపుచ్చిరి. జెఫర్సన్ మాత్రము బహిరంగముగా ఔననలేదు, కాదనలేదు. ఆ వివాదము దాదాపు రెండు వందల యేండ్లు నడచి, తుదకు 1998లో కొందరు పురుషుల నెత్తుటి బొట్లయొద్దకు వచ్చెను.

1776లో స్వాతంత్ర్య ప్రకటనను రచించి, మానవులెల్లరు సమానులని చాటిన మహనీయుడే జీవితకాలమున ఆరు వందలకు పైగా బానిసలకు యజమాని. వారిలో సాలీ హెమింగ్స్ స్థితి విచిత్రమైనది. జెఫర్సన్ భార్య మార్తా తండ్రియే ఆమెకును తండ్రి యని ఆమె కుమారుడు చెప్పెను. అనగా ఆమె యజమానురాలికి సవతి చెల్లెలు. మార్తా 1782లో మరణించెను. జెఫర్సన్ పారిస్ నగరమున రాయబారిగా నున్నపుడు, 1787లో, ఆయన చిన్న కుమార్తెకు తోడుగా పదునాలుగేండ్ల సాలీ అచ్చటికి పోయెను. ఫ్రాన్సులో ఆమె న్యాయస్థానము నాశ్రయించి స్వేచ్ఛ పొందుటకు వీలుండెను. అయినను 1789లో మరల వర్జీనియాకు వచ్చెను. పుట్టబోవు బిడ్డలకు ఇరువది యొకటవ యేట స్వేచ్ఛ నిత్తునని మాట యిచ్చి జెఫర్సన్ ఆమెను తోడ్కొని వచ్చెనని కుమారుడు మాడిసన్ హెమింగ్స్ 1873లో ఒహాయో రాష్ట్రపు పత్రికకు చెప్పెను. తన తండ్రి జెఫర్సనే యనియు తేటతెల్లముగా ననెను.

జెఫర్సన్ మనుమలు, మనుమరాండ్రు చెప్పిన కథ వేరు. ఆ పిల్లల తండ్రి తాతగారి మేనల్లుండ్రయిన పీటర్ కార్, శామ్యూల్ కార్ అను సోదరులలో నొకడని వారి వాదము. చరిత్రకారులు నూరేండ్లకు పైగా ఈ మాటనే నమ్మిరి. యజమాని మనుమలు పలికినది సాక్ష్యమైనది. బానిస కుమారుడు పలికినది పుకారైనది. పత్రములను తూచు త్రాసులో గూడ జాతిభేద ముండునని దీనివలన తెలియుచున్నది.

ఇక క్రోమోజోము సంగతి. మానవ దేహకణమున సామాన్యముగా 23 జతల క్రోమోజోము లుండును. వానిలో వై యను నది పురుషులయందే యుండి, తండ్రినుండి కుమారునకు, అతనినుండి వాని కుమారునకు, కొనలయందు తప్ప తల్లి భాగముతో కలియక సంక్రమించును. మన యింటిపేరు, గోత్రము నడచు దారియు నదియే. అయితే దత్తు పోయిన బాలునకు ఇంటిపేరు, గోత్రము మారును గాని ఈ క్రోమోజోము మారదు. దీనిపై కొన్ని చోట్ల చిన్న చిన్న అక్షరమాలలు పదేపదే వల్లె వేసినట్లుండును. ఏ చోట ఎన్ని మారులు వల్లెవేయబడినదో లెక్కించినచో వంశమున కొక గురుతు దొరకును. ఈ లెక్క యెప్పుడో యొక తరమున నొకటి పెరుగవచ్చును, తగ్గవచ్చును, అంతే.

జెఫర్సనుకు భార్యవలన కలిగిన కుమారు డెవడును బ్రతుకలేదు. కావున చార్లట్స్‌విల్ నివాసియైన విశ్రాంత పెథాలజీ వైద్యుడు యూజీన్ ఫాస్టర్, జెఫర్సన్ పినతండ్రి పెదతండ్రుల శాఖను వెదకి, తండ్రికి సోదరుడైన ఫీల్డ్ జెఫర్సన్ పురుష సంతతివా రైదుగురి రక్తము సేకరించెను. కార్ వంశీయుల రక్తమును, సాలీ కడగొట్టు కుమారుడు ఎస్టన్ వంశమున పుట్టిన యొకని రక్తమును తెచ్చెను. సాలీ మొదటి బిడ్డ యని వాడుకలో నున్న థామస్ వుడ్సన్ సంతతివారును ఇచ్చిరి. ఇచ్చట మన పాఠకులకు ఒక సంగతి తేలికగా బోధపడును: మేనల్లుడు ఆడపడుచు బిడ్డ గనుక అతని గోత్రము వేరు. కార్ సోదరులు జెఫర్సన్ అన్నదమ్ముల పిల్లలే యైనచో ఈ పరీక్షవలన ప్రయోజన ముండెడిది కాదు.

1998 నవంబరు 5వ తేదీ నేచర్ పత్రికలో ఫలితము వెలువడెను. ఎస్టన్ సంతతివాని గురుతులు ఫీల్డ్ జెఫర్సన్ సంతతి గురుతులతో సరిపోయెను. కార్ వంశముతో పొసగలేదు. వుడ్సన్ కుటుంబము తరతరములుగా నమ్మిన కథయు నిలువలేదు.

పత్రిక మాత్రము జెఫర్సనే తండ్రి యని తేల్చినట్లు శీర్షిక పెట్టెను. ఇది తొందరపాటు. ఈ క్రోమోజోము ఇల్లు చూపును గాని ఇంటిలోని మనిషిని చూపదు. జెఫర్సనుకు రాండల్ఫ్ అను తమ్ముడును, అతనికి కుమారులును గలరు. వారందరిదియు అదే వంశపు గురుతు. 1999లో ఫాస్టరు గూడ ఈ యవకాశము నంగీకరించెను. నేర పరిశోధనశాలలలోను ఇదే చిక్కు. స్త్రీపై అత్యాచారము జరిగినచోట ఆమె కణములు మెండుగా, నేరస్థునివి స్వల్పముగా నుండును. వై క్రోమోజోమును పరీక్షించినచో పురుషుని గురుతు మాత్రమే బయటపడును. గురుతు పొసగనిచో అనుమానితుడు ఆ మరక తనది కాదని నిరూపించుకొనగలడు. పొసగినచో అతని తండ్రి, సోదరుడు, పినతండ్రి కొడుకు గూడ లెక్కలోనే యుందురు. అందుచే వేరు సాక్ష్యము తోడు కావలయును.

జెఫర్సన్ విషయమున ఆ తోడు పాత కాగితములలోనే యుండెను. సాలీ గర్భము ధరించిన ప్రతిసారి ఆయన మాంటిచెల్లో గృహముననే యుండెనని విన్‌త్రాప్ జోర్డన్ 1968లోనే చూపెను. ఆమె పెద్ద బిడ్డలిద్దరు 1822లో వెడలిపోగా జెఫర్సన్ అడ్డగింపలేదు. మాడిసన్, ఎస్టన్‌లకు మరణశాసనమున స్వేచ్ఛ యిచ్చెను. 1997లో న్యాయశాస్త్రాచార్యురాలు ఎనెట్ గార్డన్-రీడ్ ఈ సాక్ష్యములను మరల తూచి, మాడిసన్ మాటను త్రోసిపుచ్చుటకు కారణము లేదని వాదించెను. నెత్తురు పరీక్షకు పూర్వమే చదువరి యొకతె ఆ పనిని చాలవరకు ముగించె నన్నమాట. 2000 జనవరిలో మాంటిచెల్లోను నిర్వహించు సంస్థ, జెఫర్సన్ ఎస్టనుకు తండ్రి యగుట మిక్కిలి సంభావ్యమని తేల్చెను. 2001లో వేరొక పండితసంఘము దీనితో విభేదించెను. 2018లో ఆ భవనముననే సాలీ హెమింగ్స్ జీవితమును గూర్చిన ప్రదర్శన తెరువబడెను.

ఎస్టన్ 1852లో విస్కాన్సిన్ రాష్ట్రమునకు వలస పోయి జెఫర్సన్ అను పేరు ధరించి తెల్లవాడుగా బ్రతికెను. అతని సంతతివారికి తరువాతి కాలమున, తాము జెఫర్సన్ పినతండ్రి వంశీయులమని మాత్రమే చెప్పబడినది. 1974లో ఫాన్ బ్రోడీ వ్రాసిన జెఫర్సన్ జీవితచరిత్ర చదివినప్పుడు గాని వారికి నిజము స్ఫురింపలేదు. మాడిసన్ సంతతిలో మాత్రము ఆ కథ తరతరములుగా చెప్పుకొనబడుచునే యున్నది. పరీక్షింపదగిన పురుష శాఖయే వారికి మిగులలేదు. అతని కుమారుడు విలియం అంతర్యుద్ధమున ఉత్తరపక్షపు సైనికుడు. కాన్సస్ రాష్ట్రములోని లెవెన్‌వర్త్ సైనిక శ్మశానమున అతని సమాధి కలదు. 1998 తరువాత దానిని త్రవ్వి ఎముకలను పరీక్షింతమని కొందరు కోరగా ఆ కుటుంబమువారు అంగీకరింపలేదు.