పొలం గట్టు నుంచి పార్లమెంటుకి



మాది ఉయ్యూరు. చెరకు నరికే రోజుల్లో బళ్ళూ ట్రాక్టర్లూ బారులు తీరి చక్కెర ఫ్యాక్టరీ వైపు సాగిపోతుంటే వీధి అరుగు మీద కూచుని చూడ్డం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ‘ఈ చెరకు ఎవరిదమ్మా?’ అని అడిగితే ఫలానా నాయుడుగారిదనో ఫలానా రెడ్డిగారిదనో చెబుతాం. ముచ్చెలు నాటినదీ కలుపు తీసినదీ ఎవరంటే మాత్రం ఎవరి పేరూ చెప్పం. రైతు అనగానే మనకి తలగుడ్డ కట్టుకున్న మగవాడే కళ్ళ ముందు మెదులుతాడు.

ఈ మాట ఎందుకెత్తానంటే, ‘రైతు’ అన్న పదానికి ఢిల్లీ సభల్లో విలువ తెచ్చిన ఒక పెద్దాయన గురించి ఈ వేళ మీతో నాలుగు ముక్కలు చెప్పుకుందామనుకుంటున్నాను. ఆయన మనకి మరీ దూరంవారేం కాదు. కృష్ణ దాటి అవతలికి వెళితే పొన్నూరు పక్కన నిడుబ్రోలు. ఆ వూళ్ళో 1900 నవంబరు 7న పుట్టారు గోగినేని రంగనాయకులుగారు. ఆచార్య ఎన్.జి. రంగా అంటేనే మనందరికీ తెలుస్తుంది.

వ్యవసాయదారుల కుటుంబంలో పుట్టిన ఆ పిల్లవాడు గుంటూరులో చదువుకుని, సముద్రాలు దాటి ఆక్స్‌ఫర్డు వెళ్ళి అర్థశాస్త్రంలో పట్టా తెచ్చుకున్నాడు. తిరిగి వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యుడయ్యాడు. హాయిగా జీతం తీసుకుంటూ జీవితం గడిపెయ్యవచ్చు. కాని ఆయన చదివిన అర్థశాస్త్రం ఆయన్ని మళ్ళీ పల్లెకే లాక్కొచ్చింది. మన డెల్టా గ్రామాల్లో ఎవరెంత పండిస్తున్నారు, ఎంత తింటున్నారు, ఎంత అప్పుపడుతున్నారు అని లెక్కలు తీశారు. 1930లో గాంధీగారి పిలుపు విని జాతీయోద్యమంలో దిగారు. ఆ యేడే ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయనకి ముప్ఫయ్యేళ్ళు.

ఆ రోజులెటువంటివో మన అమ్మమ్మలు చెప్పేవారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది. సరిగ్గా అటువంటప్పుడే మన కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు పేరుతో శిస్తు నూటికి 18.75 చొప్పున పెంచాలని ప్రభుత్వం తలపెట్టింది. మన లెక్కలో చెప్పాలంటే రూపాయికి మూడణాలు. వినడానికి మూడణాలే! అమ్మిన ధాన్యం పెట్టుబడికే చాలనప్పుడు ఆ మూడణాలు ఎక్కణ్ణించి రావాలి? ఇల్లాలి మెడలోంచీ చెవుల్లోంచీ రావాలి. అందుకే శిస్తు వ్యతిరేక పోరాటం మగవాళ్ళ గొడవ అనుకోవడానికి వీల్లేదు.

రంగాగారు ఆ పోరాటానికి ముందు నిలిచారు. 1933లో సొంత వూళ్ళోనే రైతు విద్యాలయం పెట్టారు. పల్లెటూరి కుర్రవాళ్ళకి చట్టం, శిస్తు, అప్పు, ఓటు అన్నీ అక్కడ పాఠాలే. 1936 ఏప్రిల్లో లక్నోలో అఖిల భారత కిసాన్ మహాసభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, మన రంగాగారు ప్రధాన కార్యదర్శి. తర్వాత ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురం నుంచి కాలినడకన బయల్దేరారు. తొమ్మిది జిల్లాలు, 130 రోజులు, 1,500 మైళ్ళకి పైగా నడక! దారిపొడుగునా పోగుచేసిన అర్జీలతో 1938 మార్చి 27న మద్రాసు శాసనసభ తలుపు తట్టారు. నడిచినవాళ్ళ సంగతి చరిత్ర పుస్తకాల్లో వుంది. ఆ నాలుగు నెలలూ వాళ్ళ గొడ్డూ గోదా, పిల్లా జెల్లా ఎవరు చూసుకున్నారో నేను మీకు వేరే చెప్పాలా?

స్వరాజ్యం వస్తున్న వేళ, 1946 డిసెంబరులో, రంగాగారు రాజ్యాంగ సభలో ఒక మంచిమాట అన్నారు. అందరూ మైనారిటీల గురించి మాట్లాడుతుంటే, ఈ దేశంలో అసలు అల్పసంఖ్యాకులు నోరులేని పల్లె జనమేనని ఆయన వాదించారు. సంఖ్యలో ఎక్కువే, అధికారంలో తక్కువ! ఆ మాట మన ఆడవాళ్ళకి మాత్రం అతకదూ?

ఆయన రాజకీయం అందరూ మెచ్చుకున్నది కాదు. కాంగ్రెసు విడిచి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, మళ్ళీ కాంగ్రెసులో కలిశారు. 1959లో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయం తీర్మానం చేస్తే, రైతు భూమి రైతుకి కాకుండా పోతుందని బయటికి వచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షులయ్యారు. కొన్నాళ్ళకి తిరిగి కాంగ్రెసుకే చేరారు. భూమి వున్న రైతు గురించి పట్టించుకున్నంతగా భూమి లేని కూలీ గురించి పట్టించుకోలేదన్న విమర్శా వుంది. ఎన్నికల్లో ఓడిన రోజులూ వున్నాయి. అయినా గుంటూరు ప్రజలు 1980లో, 84లో, 89లో ఆయన్నే పంపారు. 1930 నుంచి 1991 దాకా, మధ్యలో ఎడబాటు వున్నా, ఆరు దశాబ్దాల చట్టసభ జీవితం! 1991లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1995 జూన్‌లో కన్నుమూశారు. మరుసటి యేడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన పక్కన మరొక పేరు చెప్పకపోతే నాకు తృప్తి వుండదు. ఆయన భార్య భారతీదేవిగారు. సత్యాగ్రహంలో ఆవిడా జైలుకు వెళ్ళారు. అయినా రంగాగారి పేరు తెలిసినంతమందికి భారతీదేవిగారి పేరు తెలియదు.

ఆ రోజుల్లోనే దూరదేశంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. తుర్కీలో 1934 డిసెంబరులో ఆడవాళ్ళకి పార్లమెంటు ఓటుహక్కు వచ్చింది. 1935 ఎన్నికల్లో గెలిచిన స్త్రీలలో అంకారా దగ్గరి పల్లెలో సేద్యం చేసుకుంటూ గ్రామపెద్దగా వున్న సాతీ చిర్పాన్ అనే ఆవిడ ఒకరు. అంటే రైతు తరఫున మాట్లాడే మగవాడిని మనం పంపుకుంటున్న కాలంలోనే, అక్కడ రైతే స్త్రీగా సభలో కూచుంది!

మా మామగారు పోయాక మా అత్తగారు పంట అప్పు కోసం ఒక కార్యాలయానికి వెళ్ళింది. నలభయ్యేళ్ళు ఆ నేల దున్నించిన మనిషి. ‘రైతుని పంపించమ్మా’ అన్నారట అక్కడ. ఆవిడ ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు.

చట్టం ఆవిణ్ణి కాదనలేదు. ఆడపిల్లకి వుమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానహక్కు మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చింది, అలవాటు రాలేదు.

కాబట్టి అక్కయ్యలూ, రంగాగారిని తలుచుకోవడమంటే బొమ్మకి దండ వెయ్యడం ఒక్కటే కాదు. ఈ సాయంత్రం ఇనప్పెట్టెలోంచి పట్టాదారు పాసుపుస్తకం తీసి, దాని మీద ఎవరి పేరుందో చూడండి. మీ పేరు లేకపోతే ఎందుకు లేదో ఇంట్లో అడగండి. దెబ్బలాడమనడం లేదు, అడగమంటున్నాను. రైతుకి నోరుండాలని అరవయ్యేళ్ళు సభలో మాట్లాడిన మనిషి పుట్టిన నేల మనది. ఆ నోరు ఇంట్లో ఇల్లాలికి కూడా వుండాలి గదా!

సెలవు.