జెర్మాట్: చలికాలంలో, వేసవిలో రాకపోకలు

జెర్మాట్ స్విట్జర్లాండ్ దక్షిణాన, వాలే రాష్ట్రంలో, ఇటలీ సరిహద్దు పక్కన ఉన్న కొండ ఊరు. 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం దీనికి గుర్తు. ఊరు ఉన్న లోయే సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఇక్కడ రైలు దిగినవారు దాదాపు మన తూర్పు కనుమల్లోని అర్మ కొండ నెత్తిన నిలబడినట్టే. కొండమీది యంత్రాలు ఊరి నుంచి ఇంకో 2,200 మీటర్లకు పైగా ఎక్కిస్తాయి. ఇంత నిటారైన చోట ఊరి ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఉన్న దూరం పెద్ద లెక్కలోకి రాదు. ఎంత ఎత్తు ఎక్కాలి, ఎలా దిగాలి, చివరి బండి ఎన్నింటికి అన్న మూడు ప్రశ్నలే ఇక్కడి రాకపోకలను నడిపిస్తాయి. వాటిలో దిగడం గురించిన జవాబు చలికాలంలో ఒకటి, వేసవిలో ఇంకొకటి.

ఊరికి చేరడం

జెర్మాట్‌లోకి బయటి కార్లను రానివ్వరు. కారులో వచ్చినవారు 5 కిలోమీటర్ల దిగువన ఉన్న టేష్ గ్రామంలో దాన్ని వదిలి, షటిల్ రైలెక్కి సుమారు 12 నిమిషాల్లో ఊరు చేరతారు. టేష్ నుంచి పైకి రోడ్డు లేకపోలేదు. దానిమీద వెళ్ళడానికి స్థానికులకు, అనుమతి ఉన్నవారికి మాత్రమే హక్కు. టేష్ స్టేషన్లో సామాను తోపుడు బళ్ళను నేరుగా రైల్లోకే తోసుకుపోవచ్చు. పిల్లలతో, స్కీలతో, పెట్టెలతో వచ్చే కుటుంబానికి ఈ చిన్న ఏర్పాటు ఎంత మేలో వచ్చినవారికే తెలుస్తుంది.

విమానంలో వచ్చేవారు జూరిక్ నుంచో జెనీవా నుంచో రైల్లో ఫిస్ప్ దాకా వచ్చి, అక్కడ మీటర్ గేజ్ రైలుకు మారతారు. 2007లో లోట్ష్‌బెర్గ్ సొరంగం తెరిచాక ఉత్తరం నుంచి ఫిస్ప్‌కు ప్రయాణ సమయం బాగా తగ్గింది. ఫిస్ప్ నుంచి జెర్మాట్‌కు గంటకు పైగా పడుతుంది. 1891లో తెరిచిన ఈ మార్గంలో వాలు ఎక్కువైన చోట్ల రెండు పట్టాల నడుమ పళ్ళ పట్టా ఉంటుంది. ఇంజను కిందున్న పళ్ళచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. మొదటి దశాబ్దాల్లో ఈ రైలు వేసవిలోనే నడిచేది. చలికాలంలో లోయ మూసుకుపోయేది, ఊరు ఊరితోనే ఉండేది. చలికాలపు రైలు వచ్చాకే జెర్మాట్ స్కీ ఊరయింది. 1930 నుంచి సెంట్ మోరిట్జ్‌ను జెర్మాట్‌తో కలుపుతున్న గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఎనిమిది గంటల వేడుక, తొందరున్నవారికి కాదు.

ఊళ్ళో తిరగడం

స్టేషన్ నుంచి చర్చి దాకా సాగే బాన్‌హోఫ్‌స్ట్రాసే ప్రధాన వీధి. ఊరంతా నడిచి తిరగగలిగినంతే. నడవలేనివారికి విద్యుత్ బస్సులు, విద్యుత్ టాక్సీలు ఉన్నాయి. పెద్ద హోటళ్ళు తమ బండిని స్టేషన్‌కు పంపుతాయి. గుర్రబ్బండి పంపే హోటళ్ళూ ఉన్నాయి. టాక్సీలుగా, సామాను బళ్ళుగా తిరిగే ఈ సన్నని పెట్టెలాంటి బ్యాటరీ వాహనాలను ఇరుకు సందులకు సరిపోయేలా ఊళ్ళోనే తయారుచేస్తారు. పెట్రోలు, డీజిలు ఇంజన్లు అగ్నిమాపక బండి వంటి అత్యవసర సేవలకే పరిమితం. బ్యాటరీ బళ్ళు చప్పుడు లేకుండా వెనక నుంచి వస్తాయి కాబట్టి వీధిలో నడిచేవారు చెవులను నమ్ముకోకుండా వెనక్కి చూసుకోవాలి. చలికాలంలో గడ్డకట్టిన వీధిలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. పట్టున్న బూట్లు లేనివారు స్కీ వాలుకు చేరకముందే వీధిలో పడతారు.

కారు లేకపోవడాన్ని పర్యాటకులు అసౌకర్యంగా చూడడం కద్దు. నిజానికి ఈ ఇరుకు లోయలో కార్లకు చోటిస్తే మనుషులకు చోటు మిగలదు. ఊరు ఈ నియమాన్ని ఇన్నాళ్ళు నిలుపుకోవడం మెచ్చుకోదగ్గ నిర్ణయం.

కొండమీదికి మూడు దారులు

మొదటిది గోర్నర్‌గ్రాట్ రైలు. దాని స్టేషన్ ప్రధాన స్టేషన్‌కు ఎదురుగానే ఉంది. 1898లో మొదలైన ఈ మార్గం స్విట్జర్లాండ్‌లో విద్యుత్తుతో నడిచిన తొలి పళ్ళ పట్టా రైలు. 9 కిలోమీటర్లకు పైగా సాగి, సుమారు అరగంటలో 3,089 మీటర్లకు చేరుస్తుంది. దిగే రైలు బ్రేకు వేసినప్పుడు పుట్టే విద్యుత్తు తీగల్లోకి తిరిగి వెళ్ళి, ఎక్కే రైలుకు పనికొస్తుంది. స్కీ రానివారికి, వృద్ధులకు, కేబుల్ కారులో గాల్లో వేలాడడమంటే భయపడేవారికి దీన్ని మించిన దారి లేదు.

రెండోది సున్నెగ్గా ఫునిక్యులర్. 1980లో కొండను తొలిచి కట్టిన సొరంగంలో ఉక్కుతాడు లాగే ఈ బండి కొద్ది నిమిషాల్లోనే 2,288 మీటర్లకు చేరుస్తుంది. అక్కడి నుంచి గొండోలా, ఆపైన కేబుల్ కారు 3,103 మీటర్ల ఉంటెర్‌రోట్‌హార్న్ దాకా వెళతాయి. పైన ఈదురుగాలులు వీచి వేలాడే బళ్ళన్నీ ఆగిన రోజున కూడా సొరంగంలోని బండికి గాలి తగలదు. వాతావరణం బాగాలేనినాడు ఊరివాళ్ళ చూపు దీనివైపు, పళ్ళ పట్టా రైలువైపు మళ్ళుతుంది.

మూడోది ఊరి దక్షిణపు కొసన మొదలయ్యే గొండోలా. స్టేషన్ నుంచి అక్కడికి పావుగంటకు పైగా నడక. స్కీలు భుజాన వేసుకుని గట్టి బూట్లతో నడవలేక చాలామంది బస్సెక్కుతారు. ఇది ఫూరి మీదుగా ష్వార్ట్‌జే, ట్రోకెనర్ స్టేగ్ స్టేషన్లకు పోతుంది. ట్రోకెనర్ స్టేగ్ నుంచి 2018లో తెరిచిన మూడు తాళ్ళ కేబుల్ కారు 3,883 మీటర్ల క్లైన్ మాటర్‌హార్న్‌కు ఎక్కిస్తుంది. ఆల్ప్స్‌లో ఇంతకంటే ఎత్తైన కేబుల్ కారు స్టేషన్ లేదు. రెండు తాళ్ళు బరువు మోస్తే మూడోది లాగుతుంది. అందుకే మామూలు గొండోలా తట్టుకోలేని గాలిలో కూడా ఇది నడవగలదు. 2023లో ఇక్కడి నుంచి ఇటలీ సరిహద్దులోని టెస్టా గ్రిజియాకు ఇంకో కేబుల్ కారు తోడయింది. దాంతో స్కీలు లేని మనిషి కూడా నేల తాకకుండా ఆల్ప్స్ దాటి ఇటలీ వైపున్న చెర్వీనియాలో దిగగలుగుతున్నాడు. ఆ పక్కనే ఉన్న 3,295 మీటర్ల థియోడుల్ కనుమ మీదుగా రోమన్ల కాలం నుంచీ మనుషులు నడిచారు. ఆనాటి నాణేలు అక్కడ దొరికాయి.

క్లైన్ మాటర్‌హార్న్ దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులకన్నా తక్కువ. మైదానం నుంచి వచ్చినవారు ఒక్క ఊపున పైకి పోకుండా మధ్య స్టేషన్లో కాసేపు ఆగడం మంచిది. తల తిరిగితే, ఆయాసం వస్తే వెంటనే దిగాలి. గుండె జబ్బున్నవారు ముందే వైద్యుణ్ణి అడిగి తీరాలి.

చలికాలం

చలికాలంలో యంత్రం పైకి చేరుస్తుంది, మంచు కిందికి దింపుతుంది. స్కీ వాలులే అప్పటి రోడ్లు. స్విట్జర్లాండ్‌లో సులువైన వాలుకు నీలం, మధ్యరకానికి ఎరుపు, కష్టమైనదానికి నలుపు గుర్తులు. చదును చేయని దారులకు పసుపు. మూడు దారుల వాలులూ పైన ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఉదయం సున్నెగ్గాలో మొదలైనవారు మధ్యాహ్నానికి ఇటలీలో భోజనం చేసి సాయంత్రానికి ఊరు చేరవచ్చు. అయితే ఇటలీ వైపు వెళ్ళాలంటే రెండు దేశాలకూ చెల్లే పాస్ కావాలి. ఇతరులకు కలిగించే నష్టానికి బీమా 2022 నుంచి ఇటలీ వాలులపై తప్పనిసరి. గాలి లేస్తే సరిహద్దు లిఫ్టులు ఆగిపోతాయి. అవతల చిక్కుకున్నవారు ఆల్ప్స్ చుట్టూ రోడ్డుమీద గంటల తరబడి తిరిగి రావాలి. కాబట్టి మబ్బు పడుతున్నప్పుడు ముందు సరిహద్దు దాటి, ఆ తర్వాత భోజనం సంగతి చూసుకోవాలి.

చివరి లిఫ్టు తర్వాత కాపలా బృందాలు వాలులన్నీ వెతుక్కుంటూ దిగి, వాటిని మూసేస్తాయి. ఆపైన మంచు చదును చేసే యంత్రాలు వస్తాయి. నిటారు వాలుల్లో ఈ యంత్రాలను పైనుంచి ఉక్కుతాడుతో లాగుతారు. చీకట్లో ఆ తాడు కనబడదు. మీటర్ల ఎత్తుకు ఎగిసిపడి మనిషిని చంపగలదు. మూసిన వాలులోకి సరదాకు కూడా అడుగుపెట్టకూడదని ఇంత గట్టిగా చెప్పడం అందుకే.

స్కీ రానివారికీ చలికాలంలో దారులున్నాయి. గులాబీ రంగు పలకలు మంచులో నడిచే బాటలను చూపుతాయి. గోర్నర్‌గ్రాట్ రైలు మార్గంలో రోటెన్‌బోడెన్ నుంచి రిఫెల్‌బెర్గ్‌కు స్లెడ్జ్ బండిపై జారి, మళ్ళీ రైలెక్కి పైకి పోవచ్చు.

వేసవి

మంచు కరిగాక యంత్రాలే దిగడానికీ ఆధారం. లేదంటే కాళ్ళు. స్విస్ పలకలు కిలోమీటర్లకు బదులు నడక సమయం చెబుతాయి. కొండల్లో ఇదే సరైన కొలత, ఎందుకంటే రెండు కిలోమీటర్లు అరగంటా కావచ్చు, రెండు గంటలూ కావచ్చు. ఒట్టి పసుపు పలక మామూలు బాటకు. తెలుపు, ఎరుపు, తెలుపు గీతలు కొండబాటకు. తెలుపు, నీలం, తెలుపు అనుభవజ్ఞులు మాత్రమే వెళ్ళవలసిన దారికి.

రోటెన్‌బోడెన్‌లో దిగి కొన్ని నిమిషాలు నడిస్తే రిఫెల్‌జే సరస్సు. గాలి లేని ఉదయం అందులో మాటర్‌హార్న్ తలకిందులుగా కనబడుతుంది. అక్కడి నుంచి రిఫెల్‌బెర్గ్‌కు దిగే నడక కొత్తవారికి కూడా తగినది. సున్నెగ్గా పైనున్న బ్లౌహెర్డ్ నుంచి అయిదు సరస్సుల బాట సున్నెగ్గాకు చేరుతుంది. పర్వతారోహకులు ష్వార్ట్‌జేలో దిగి, 3,260 మీటర్ల హోర్న్‌లీ విడిదికి నడిచి, తెల్లవారకముందే మాటర్‌హార్న్ శిఖరానికి బయలుదేరతారు. రిఫెల్‌ఆల్ప్ స్టేషన్ నుంచి అక్కడి హోటల్‌కు నడిచే చిన్న ట్రాము వేసవి ప్రత్యేకత. 1899లో పుట్టి, హోటల్ కాలిపోవడంతో ఆగిపోయి, 2001లో మళ్ళీ పట్టాలెక్కింది. ఊళ్ళోనేమో మేకల మంద పొద్దున మేతకు వెళుతూ, సాయంత్రం తిరిగొస్తూ ప్రధాన వీధినంతా ఆక్రమిస్తుంది, టాక్సీలు ఆగాల్సిందే.

థియోడుల్ హిమానీనదంపై వేసవిలోనూ స్కీ నడుస్తుంది. వివిధ దేశాల జట్లు ఉదయాన్నే సాధన చేసి, మంచు మెత్తబడేలోగా దిగిపోతాయి. కానీ ఆ హిమానీనదం తరుగుతోంది. 2022 వేసవిలో మంచు చాలక జూలై చివర స్కీ ఆపవలసి వచ్చింది. వేసవికీ చలికాలానికీ మధ్య, ముఖ్యంగా మే నెలలో, శరదృతువు చివర, మరమ్మతుల కోసం ఒక్కో లిఫ్టును మూస్తారు. ఆ వారాల్లో వచ్చేవారు టికెట్ కొనేముందు ఏవి నడుస్తున్నాయో చూసుకోవాలి.

లోయ మూసుకుపోయినప్పుడు

లోయకు ఒకటే వాకిలి కావడం జెర్మాట్ బలహీనత. 1991లో దిగువనున్న రాండా గ్రామం దగ్గర కొండ రెండు విడతలుగా విరిగిపడింది. సుమారు 3 కోట్ల ఘనపు మీటర్ల రాయి జారి రైలు మార్గాన్నీ రోడ్డునూ కప్పేసింది. రెంటినీ కొత్త దారిలో వేయవలసి వచ్చింది. 2018 జనవరిలో మంచు చరియల ప్రమాదంతో రైలూ రోడ్డూ మూతపడి సుమారు 13,000 మంది పర్యాటకులు ఊళ్ళో చిక్కుకుపోయారు. హెలికాప్టర్లు కొందరిని బయటికి చేర్చాయి. చరియలు పడే చోట్ల పట్టాలమీద కాంక్రీటు కప్పులు కట్టారు. ప్రమాదం ఉన్నప్పుడు రైలును ముందుగానే ఆపేస్తారు.

1968లో స్థాపించిన ఎయిర్ జెర్మాట్ రెండు కాలాల్లోనూ ఇక్కడి చివరి ఆసరా. వాలుమీద కాలు విరిగినవారిని, శిఖరంపై చిక్కినవారిని, ఆసుపత్రికి చేరవలసిన ఊరివాళ్ళను దాని హెలికాప్టర్లే మోస్తాయి. ఆ ఖర్చు పెద్దది. పర్వతాల్లో హెలికాప్టర్ రక్షణకు తమ ప్రయాణ బీమా వర్తిస్తుందో లేదో భారతదేశం నుంచి వెళ్ళేవారు బయలుదేరకముందే చదివి చూసుకోవాలి.