ఒకే తేది, వేర్వేరు దినములు

పత్రికలలో “చరిత్రలో ఈ దినము” అను శీర్షిక క్రింద వేర్వేరు శతాబ్దములలో ఒకే తేదిని జరిగిన సంఘటనలను వరుసగా ప్రకటించుట కలదు. చదువుటకు వినోదముగనే యుండును. కాని ఒకే తేది యన్నంత మాత్రమున ఒకే దినమగునా? శ్రీశైలమునకు సంబంధించిన యొక నిదర్శనముతో ఈ ప్రశ్నను విచారింతము. ఆ తేది జూన్ 23.

శ్రీకృష్ణదేవరాయలు 1509లో రాజ్యమునకు వచ్చునాటికి తూర్పుతీరమందలి ఉదయగిరి, కొండవీడు దుర్గములు ఉత్కళాధీశుడగు ప్రతాపరుద్ర గజపతి వశమున నుండెను. రాయలు సుమారు ఒకటిన్నర సంవత్సరము ముట్టడించి 1514లో ఉదయగిరిని గైకొనెను. పిదప కొండవీటిపై నడచెను. మంత్రి సాళువ తిమ్మరుసు ముట్టడిని నడిపెను. 1515 జూన్ 23వ తేదిని కోట స్వాధీనమయ్యెను. గజపతి కుమారుడు వీరభద్రుడు బందీ యయ్యెను. రాయలు అమరావతిలో స్వామిని సేవించి, అటనుండి శ్రీశైలమునకు వచ్చి మల్లికార్జునుని దర్శించెను. తేరు సాగు వీధికి ఇరుప్రక్కల ఆయన మంటపములు కట్టించినట్లు అచటి శాసనము చెప్పుచున్నది.

ఇక రెండవ సంఘటన. 1757 జూన్ 23వ తేదిని వంగదేశమున ప్లాసీ మామిడితోపులో క్లైవునకును నవాబు సిరాజుద్దౌలాకును యుద్ధము జరిగెను. నడుమ వాన కురిసెను. ఆంగ్లేయులు తమ మందుగుండును గుడ్డలతో కప్పుకొనిరి. నవాబు మందు తడిసిపోయెను. సేనాని మీర్ జాఫరు శత్రువులతో లోపాయికారిగా ఒప్పందము చేసికొని యూరకుండెను. సాయంకాలమునకు నవాబు పలాయితుడయ్యెను.

ఆ యుద్ధఫలము వంగదేశముతో ఆగలేదు. మరుసటి యేడే క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు తెలుగుదేశమున దిగి చందుర్తి యొద్ద ఫ్రెంచివారిని ఓడించెను. 1759లో మచిలీబందరును పట్టెను. 1765లో ఉత్తర సర్కారులకు ఢిల్లీ పాదుషా ఫర్మానా లభించెను. 1800 అక్టోబరు 12వ తేది సంధివలన నిజాము దత్తమండలమును కుంఫిణీ కిచ్చివేసెను. 1839లో కర్నూలు నవాబు పదభ్రష్టుడు కాగా శ్రీశైలమును ఆంగ్లపాలనలోనికి పోయెను.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపిన యెడల ఎవరికైనను విస్మయము కలుగక మానదు. కృష్ణాతీరమున విజయనగర పతాక మెగిరిన తేదియు, కుంఫిణీ రాజ్యమునకు బీజము పడిన తేదియు ఒక్కటే! నడుమ సరిగా 242 సంవత్సరములు. ఇది దైవఘటన యని పలుకుటకు నాలుక త్వరపడును. కాని కొంచెము ఆగవలెను.

కొండవీటి విజయమును పేర్కొన్న నాటి లేఖనములలో జూన్ నెల లేదు. శాలివాహన శకము 1437, యువ సంవత్సరము, ఆషాఢమాసము, హరివాసరము, శనివారము అని మాత్రమే యున్నది. హరివాసరమనగా ఏకాదశి, మనము తొలి ఏకాదశి యని ఉపవసించు పుణ్యదినము. దానిని పండితులు గణించి ఆంగ్లమానమునకు మార్చిరి. అట్లు మార్చుటలో 1515 నాటికి ఐరోపాలో వాడుకలో నున్న పాత జూలియన్ పంచాంగమును గ్రహించిరి.

ఆ పంచాంగమున సంవత్సరము నిజమైన సౌరవర్షముకంటె సుమారు 11 నిమిషములు ఎక్కువ. ఆ కొద్దిపాటి తప్పు శతాబ్దముల తరబడి పేరుకొని పది దినములయ్యెను. అందుచేత 1582లో పోపు గ్రెగరీ అక్టోబరు 4వ తేదికి మరునాడే 15వ తేది యని శాసించెను. ఇంగ్లండు 1752 వరకు ఆ మార్పును అంగీకరింపలేదు. ప్లాసీ నాటికి అంగీకరించి అయిదేండ్లయ్యెను. కావున ప్లాసీ జూన్ 23 కొత్త లెక్కది; కొండవీటి జూన్ 23 పాత లెక్కది. దానిని కొత్త లెక్కకు తెచ్చిన జూలై 3 అగును. మన లెక్కను చూచినను అంతే. ప్లాసీయు ఆషాఢ శుద్ధపక్షముననే జరిగినది గాని ఏకాదశినాడు కాదు. విస్మయమునకు మూలమైన సామ్యము పేరులో మాత్రమే యున్నది.

అట్లని తేదుల కలయిక లన్నియు వ్యర్థములు కావు. మనుష్యులు బుద్ధిపూర్వకముగా కలిపినవి కొన్ని కలవు. 1930 జనవరి 26వ తేదిని దేశమంతట పూర్ణస్వరాజ్య ప్రతిజ్ఞ చేసిరి. రాజ్యాంగము 1949 నవంబరు 26నే ఆమోదింపబడినను, ఆ ప్రతిజ్ఞాదినమును స్మరించి 1950 జనవరి 26 వరకు ఆగి అమలుపరచిరి. ఇది సంకల్పము. 2009లో గాంధీజయంతినాడే తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచివేసినవి. ఇది కేవలము యాదృచ్ఛికము. రెంటిని ఒకే గంపలో వేయరాదు.

పూర్వులు కాలమును ఎంత జాగ్రత్తగా వ్రాసిరో గమనింపుడు. సంవత్సరనామ మొక్కటే చాలదు. యువ సంవత్సరము అరువదేండ్ల కొకమారు మరల వచ్చును. అందుచేత శకాంకము వ్రాసిరి. మాసతిథులతో తృప్తిపడక వారమును చేర్చిరి. గణితముచేయగా ఏకాదశియు శనివారమును కలిసినచో లెక్క సరిపోయినట్లే. కలియనిచో చదువుటలోనో, చెక్కుటలోనో పొరపాటున్నట్లు తెలియును. అయిదువందల యేండ్ల తరువాత మనము కొండవీటి విజయదినమును నిశ్చయింపగలుగుట ఆ వారము పేరు చలవయే.

ఇట్టి శాసనములు శ్రీశైలమున మాత్రమే గాక కర్నూలు, కడప మండలముల పల్లెగుళ్లలోను, చెరువుగట్లమీదను కలవు. కాలనిర్దేశము సాధారణముగా మొదటి పంక్తులలోనే యుండును. రాతి తల విరిగినను, సున్నము దట్టముగా పూసినను మొదట పోవునది అదియే. తేది పోయిన దానశాసనము సాక్షి సంతకము లేని పత్రము వంటిది. కృష్ణపై శ్రీశైల జలాశయము నిండినప్పుడు పెక్కు గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి ఆలంపురమునకు తరలింపవలసి వచ్చెను. అన్ని రాళ్లకును అట్టి భాగ్యము పట్టలేదు.

కావున గ్రామపెద్దలకు ఒక మనవి. గుడికి సున్నము వేయించునప్పుడు అక్షరములున్న రాతిని విడిచిపెట్టింపుడు. పొలములో శాసనము బయలుపడిన మెట్టుగను, బండగను వాడనీయకుడు. మైసూరులోని కేంద్ర పురావస్తుశాఖవారి శాసనవిభాగమునకు ఒక ఉత్తరము వ్రాయింపుడు. మీ యింటి పాతపత్రములలోని తేదిని ఆంగ్లమానమునకు మార్చి వ్రాసికొనునప్పుడు మూలమందలి శకము, సంవత్సరము, మాసము, తిథి, వారము నున్నవున్నట్లు దాని ప్రక్కనే వ్రాసియుంచుడు. మార్చినవాడు పొరబడినను మీ మనుమలు సరిదిద్దుకొనగలరు.