శనక్కాయ నూనె తాగిన ఇంజను

పొయ్యిమీద మూకుట్లో నూనె పెట్టి, ఎవరో పిలిస్తే వీధి గుమ్మంలో మాటల్లో పడ్డామనుకోండి. తిరిగొచ్చేసరికి వంటిల్లంతా పొగ కమ్మేసి ఉంటుంది. ఇంకాస్త ఆలస్యమైతే ఆ నూనె భగ్గుమంటుంది. మంట నాలుక మూకుడంచు దాటి నూనెను తాకనక్కర్లేదు. తగినంత కాగితే చాలు, తనంతట తానే అంటుకుంటుంది. (అప్పుడు నీళ్ళు మాత్రం పోయకండి. పొయ్యి ఆర్పేసి మూత పెట్టేయడమే!)

ఈ 'తనంతట తానే' అన్న గుణాన్ని పట్టుకుని ఒక జర్మన్ ఇంజనీరు లోకాన్నే మార్చేశాడు. రుడాల్ఫ్ డీజిల్ అతని పేరు. ఆగ్నేయాసియాలో పూర్వం నిప్పు చేసుకోవడానికి వెదురుతోనో కొమ్ముతోనో చేసిన చిన్న గొట్టం వాడేవారు. అందులో దూది పెట్టి కడ్డీని ఒక్క ఊపుతో లోపలికి కొడితే, నలిగిన గాలి వేడెక్కి దూది అంటుకునేది. విద్యార్థిగా ఉన్నప్పుడు డీజిల్ ఆ గొట్టాన్ని చూశాడని చెబుతారు. 1897 నాటికి అదే సూత్రంతో పనిచేసే ఇంజను తయారైంది. గాలిని పదిహేను ఇరవయ్యో వంతుకు నొక్కితే దాని వేడి అయిదు వందల డిగ్రీలు దాటుతుంది. ఆ గాలిలోకి నూనె చిమ్మితే చాలు, అగ్గిపుల్లతో పనిలేదు.

అసలు తమాషా ఇప్పుడు చెబుతాను. 1900లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును శనక్కాయ నూనెతో నడిపించారు! చూసినవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియలేదట. కర్నూలువాళ్ళు బుడ్డలనీ, కడపవాళ్ళు శెనిక్కాయలనీ పిలుచుకునే మన మెట్టపంటే. ఏనాటికైనా విత్తనాల నూనెలు ఇంజన్లకు ఆధారమవుతాయని 1912లో డీజిల్ అన్నాడు. ఆ మరుసటి ఏడే, ఇంగ్లండు వెళ్తున్న ఓడలోంచి అతను రాత్రికి రాత్రి మాయమయ్యాడు. కొన్నాళ్ళకు శవం సముద్రంలో తేలింది. ఆత్మహత్యో, ప్రమాదమో, మరేమిటో ఈనాటికీ తేలలేదు.

మన సీమకు ఆ ఇంజను వచ్చింది పారిస్ గొప్ప కోసం కాదు, బావి కోసం. కె.సి. కెనాల్ నీళ్ళందిన ఊళ్ళ సంగతి వేరు. మిగతా చోట్ల చేను తడవాలంటే కపిల తోలాల్సిందే. ఎద్దులు తోలుబానను పైకి లాగుతూ ముందుకు నడవడం, మళ్ళీ వెనక్కి రావడం, తెల్లవారుజాము నుంచి అదే పని. 1946లో పుణెలో కిర్లోస్కర్ వాళ్ళు ఆయిల్ ఇంజన్ల కంపెనీ పెట్టారు. కరెంటు స్తంభాలు రాని పల్లెల్లో బావి గట్టున 'డుబ్ డుబ్'మనే చప్పుడు మొదలైంది. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కార్తీక మాసపు చలి పొద్దుల్లో ఆ ఇంజను ఓ పట్టాన కదిలేది కాదు. ఇద్దరు మగవాళ్ళు హ్యాండిలు తిప్పీ తిప్పీ చెమటలు కక్కేవారు. "దానికీ చలేస్తోంది రా" అనేది అమ్మమ్మ. ఆమె మాటలో శాస్త్రం లేదని ఎవరనగలరు? చల్లటి ఇనుము వేడిని లాగేసుకుంటే, ఎంత నొక్కినా గాలి చాలినంత కాగదు. నూనె అంటుకోదు. ఆ తర్వాత కరెంటు మోటార్లూ, బోర్లూ వచ్చాయి. నీళ్ళు పాతాళానికి దిగిపోయాయి. అది మరో కథ.

డీజిల్ ఇంజనుకు వరమైన ఈ గుణమే పెట్రోలు ఇంజనుకు శాపం. పెట్రోలు నిప్పురవ్వకు ఇట్టే అంటుకుంటుంది గానీ, తనంతట తాను అంటుకోవడానికి డీజిలంత తొందరపడదు. వేసవి రాత్రుళ్ళు నల్లమల కొండ కాలడం చూసినవాళ్ళకు తెలుసు, మంట ఒక గీతలాగా, వరసగా పాకుతూ పోతుంది. పెట్రోలు ఇంజనులోనూ అంతే. ప్లగ్గు దగ్గర రవ్వ పుట్టి, మంట గీతలాగా వ్యాపించాలి. కానీ వెనక నుంచి వచ్చే మంట ముందున్న ఆవిరిని నొక్కి నొక్కి కాచేస్తుంది. ఒక్కోసారి మంట చేరకముందే ఆ చివరి ఆవిరంతా ఒక్కసారిగా పేలుతుంది. పాత కార్లు గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ఎవరో లోపల సుత్తితో కొట్టినట్టు టకటకలాడేవే, అదే అది. పెట్రోల్లో కిరసనాయిలు కలిపితే ఆ మోత మరీ ఎక్కువ.

ఆ మోత మాన్పడానికి 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ ఒక మందు కనిపెట్టాడు. సీసంతో చేసిన విషద్రవం. పెట్రోల్లో కాస్త కలిపితే ఇంజను కిక్కురుమనదు. అమ్మేవాళ్ళు మాత్రం సీసం మాట ఎత్తకుండా 'ఇథైల్' అని ముద్దుపేరు పెట్టారు. 1924లో న్యూజెర్సీ కర్మాగారంలో ఆ ద్రవం తయారుచేసే పనివాళ్ళు మతి చలించి, లేనివి చూస్తూ, అయిదుగురు చనిపోయారు. మిడ్జ్‌లీ ఏం చేశాడంటారా? పత్రికలవాళ్ళ ముందు దాంతో చేతులు కడుక్కుని, వాసన పీల్చి చూపించాడు. అంతకు ఏడాది ముందే అదే సీసం సోకి ఆయన విశ్రాంతికి వెళ్ళొచ్చాడు మరి!

అప్పుడు గట్టిగా నోరు విప్పినవాళ్ళలో ఒక ఆడది ఉంది. డాక్టర్ ఆలిస్ హామిల్టన్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొట్టమొదటి స్త్రీ ఆచార్యురాలు. కర్మాగారాలన్నీ తిరిగి, పనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సీసం చేసే హాని కళ్ళారా చూసిన మనిషి. 1925లో వాషింగ్టన్ సభలో ఇది వద్దని వాదించింది. ఎవరు విన్నారు? నిషేధించడానికి ఆధారాలు చాలవని మరుసటి ఏడు సంఘం తేల్చేసింది. ఆ పొగ యాభై ఏళ్ళకు పైగా ప్రపంచమంతటా వీధుల్లో ఆడుకునే పిల్లల ఒంట్లోకి వెళ్ళింది. వాళ్ళ మెదడు ఎదుగుదలనే అది దెబ్బతీసింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగింది 2000లో. అల్జీరియాలో 2021లో ఆగాక లోకంలో ఏ దేశంలోనూ కార్లకు దాన్ని అమ్మడం లేదు. ఆలిస్ నూట ఒక్క ఏళ్ళు బతికి 1970లో పోయింది. ఆ రోజు చూడలేదు.

ఇంకో మాట. ఇంజను మోత మాన్పడానికి సారాయి కలిపినా చాలునని మిడ్జ్‌లీ బృందానికి అప్పుడే తెలుసు. కానీ సారాయి ఎవరైనా కాచుకోవచ్చు, దానికి పేటెంటు దొరకదు. ఇవాళ కర్నూల్లో, కడపలో ఏ బంకు దగ్గర స్కూటరు ఆపినా పోసే పెట్రోల్లో అయిదో వంతు అదే, ఇథనాల్ అన్న పేరుతో.