లెమూర్ల అడవికి కాపలా ఎవరు?

లెమూర్లకు సొంతగడ్డ ఒక్క మడగాస్కర్ దీవే. మన తూర్పు కనుమల్లో తిరిగే దేవాంగపిల్లి వాటికి దూరపు చుట్టం. మనుషులు అడుగుపెట్టాక ఆ దీవిలో గొరిల్లా అంతటి లెమూర్‌తో సహా పదిహేనుకు పైగా పెద్ద జాతులు అంతరించాయి. రెండేళ్ల దూడంత ఒళ్లు, మనిషి లాంటి ముఖం ఉన్న ఒక జంతువు గురించి ఫ్రెంచి అధికారి ఫ్లాకూర్ 1658లో రాశాడు. బహుశా అది ఆ పెద్ద లెమూర్లలో చివరిదాని ఆనవాలు. ఈ కథ వింటే, మనుషుల్ని అడవిలోంచి పంపేస్తే చాలుననిపిస్తుంది. వలసపాలన నాటి అడవి రక్షణ చట్టాలు ఈ నమ్మకం మీదే నిలిచాయి. ఆ నమ్మకం సగమే నిజం.

1896లో దీవిని కలుపుకున్న ఫ్రెంచి ప్రభుత్వం పోడు కొట్టడాన్ని నిషేధించింది. అదే చేత్తో అడవుల్ని కలప వ్యాపారులకూ, కాఫీ తోటలకూ అప్పగించింది. 1927లో 10 రక్షిత ప్రాంతాలు ప్రకటించి, పరిశోధకులకు తప్ప ప్రవేశం లేదంది. అంత ముందుగా అలాంటి పని చేయడం గొప్పే. కానీ అడవి అంచు రైతుకు అందులో దక్కిందేమీ లేదు. 1986లో రనోమఫాన అడవుల్లో శాస్త్రజ్ఞులు బంగారు వెదురు లెమూర్‌ను గుర్తించారు. కిలోన్నర బరువుండే ఆ ప్రాణి లేత వెదురు చిగుళ్లు ఒలుచుకు తింటుంది. అది రోజూ మింగే సయనైడ్ ఆ పాటి జంతువును చంపే మోతాదుకు సుమారు 12 రెట్లు. దాని కోసమే 1991లో అక్కడ జాతీయ పార్కు వెలిసింది.

పోడు అడవిని తినేస్తున్న మాట నిజం కాదా అని అడగవచ్చు. నిజమే. అయితే వరి పండించుకోను మరో చెలక లేనివాడికి నిషేధం అన్నం పెట్టదు. పైగా ఊళ్లకు సొంత నియమాలూ ఉన్నాయి. ఇంద్రి అనే లెమూర్‌ను పూర్వీకుడిగా తలచి చంపకపోవడం అక్కడి పల్లెల కట్టుబాటు, దాన్ని ఫాదీ అంటారు. వలసలతో, ఆకలితో ఆ కట్టుబాటు సడలుతోందన్న ఆక్షేపణా సరైనదే. కానీ 2009 రాజకీయ సంక్షోభంలో రోజ్‌వుడ్ దొంగలు కొల్లగొట్టింది మసోఆల, మరొజెజీ జాతీయ పార్కుల్నే. సర్కారు కాపలా కూడా అంతే సులువుగా సడలింది. అడవి నిర్వహణను ఊళ్లకు అప్పగించే వీలు 1996 చట్టంతో వచ్చింది. అంబలవావు దగ్గర ఆంజ గ్రామస్థులు సుమారు 30 హెక్టార్ల అడవిని తామే కాస్తున్నారు. పర్యాటకుల రుసుము బడికీ, మొక్కల పెంపకానికీ వెళ్తుంది. పొద్దున్నే బండల మీద పొట్ట ఎండకు పెట్టి కూర్చునే చారల తోక లెమూర్లు అక్కడ వందల్లో ఉన్నాయి.

2020లో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కించిన 107 లెమూర్ జాతుల్లో 103 ముప్పులో ఉన్నాయి, 33 అంతరించే అంచుకు చేరాయి. లెమూర్ల పేరిట ప్రపంచం ఇచ్చే డబ్బులో మొదటి వాటా ఆంజ లాగా అడవిని కాసే పల్లెలకే చేరాలి.